ఫార్మాట్ కొట్టించే ముందు: లినక్స్‌లో స్క్రీన్, ప్రింటర్ మొరాయిస్తే ఏం చూడాలి

మా బాబాయి మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చి జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు, మారతహళ్లి నుంచి మున్నేకొళాల వైపు వెళ్లే దారిలో. చుట్టూ పీజీ హాస్టళ్లు, వాటిలో చాలామంది మనవాళ్లే, పొద్దున్నే ఇంటర్వ్యూలకి వెళ్తూ రెజ్యూమే ప్రింటవుట్ కోసం ఆయన దగ్గరే ఆగుతారు. ఒక శనివారం ఎనిమిది గంటలకే ఫోన్ చేశాడు. "ఒరేయ్, స్క్రీన్ మీద అక్షరాలు ఇంతింత లావున వస్తున్నాయిరా, ప్రింటర్ ఉలకదు పలకదు. రాత్రి కరెంటు పోయి వచ్చింది, అప్పటి నుంచే ఇలా. మెకానిక్‌ని పిలిచి ఫార్మాట్ కొట్టించేయనా?"

"వద్దు బాబాయ్, ఏదీ ముట్టుకోకు, వస్తున్నా" అని బండి తీశాను. వెళ్లి చూస్తే ఒకే రోజు బయటపడిన రెండు వేరు వేరు సమస్యలు అవి. కరెంటు పోయేసరికి ఒక ప్రింటు సగంలో ఉంది, దాంతో ప్రింటర్ క్యూ ఆగిపోయింది. స్క్రీన్ సంగతి వేరే. షాపు మిషన్ లినక్స్‌తో నడుస్తుంది, దానికి గుండెకాయ లాంటి ప్రోగ్రామే కెర్నల్. కెర్నల్ అప్‌డేట్ అంతకుముందే వచ్చి కూర్చుంది, కానీ షాపు కంప్యూటర్‌ని ఎప్పుడూ ఆపరు కాబట్టి పాత కెర్నలే నడుస్తూ ఉంది, కరెంటు పోయి వచ్చాక మిషన్ మొదటిసారి కొత్త కెర్నల్‌తో లేచింది, ఆ కెర్నల్‌కి సరిపడా గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డుని నడిపే ప్రోగ్రామ్) తయారై లేదు. ప్రింటర్‌కి రెండు నిమిషాలు పట్టింది, స్క్రీన్‌కి అరగంట. ఫార్మాట్ కొట్టించి ఉంటే రోజంతా షాపు మూత, పైగా ఫైళ్లు పోయేవి.

అందుకే ఇది రాస్తున్నాను. లినక్స్‌లో ఏ పరికరం పనిచేయకపోయినా వరసగా అడగాల్సిన ప్రశ్నలు నాలుగే. పరికరం మిషన్‌కి కనబడుతోందా? దానికి డ్రైవర్ తగులుకుందా? ఆ డ్రైవర్ మీద నడిచే సర్వీసు నడుస్తోందా? చివరికి, సెట్టింగ్ సరిగ్గా ఉందా? ఎక్కడ ఆగిందో తెలిసేదాకా కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి, ఎందుకంటే ఎక్కడెక్కడి నుంచో కాపీ చేసిన పది కమాండ్లు కొట్టాక అసలు సమస్య ఏదో, మనం తెచ్చిపెట్టుకున్నది ఏదో విడదీయడం చాలా కష్టం.

కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే విండోలో) మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. హైఫన్ అని రాసిన చోట హైఫన్ గుర్తు పెట్టాలి. దాని తర్వాత ఒకే అక్షరం ఉన్నా, రెండు హైఫన్లు ఉన్నా ముందు ఒక ఖాళీ వదలండి, మిగతా చోట్ల హైఫన్‌కి అటూ ఇటూ ఖాళీ వద్దు. సుడో అంటే ఆ కమాండ్‌ని అడ్మిన్ అధికారంతో నడపమని, ప్యాకేజీ వేయడం అంటే "సుడో ఏపీటీ ఇన్‌స్టాల్" తర్వాత దాని పేరు కొట్టడం. నేను చెప్పేది ఉబుంటు, మింట్, డెబియన్ అనే లినక్స్ రకాలు వాడేవాళ్లకి. ఫెడోరా వాళ్లకి ఇన్‌స్టాల్ చేసే కమాండ్లు మారతాయి, చూసే పద్ధతి అదే.

స్క్రీన్ సంగతి

ముందు స్క్రీన్ ఎప్పుడు నల్లబడుతోందో గమనించండి. ఆన్ చేయగానే కంపెనీ లోగో కూడా రాకపోతే అది లినక్స్ సమస్య కాదు. కేబుల్ చూడండి, ముఖ్యంగా విడిగా గ్రాఫిక్స్ కార్డు బిగించిన డెస్క్‌టాప్ అయితే మానిటర్ కేబుల్‌ని కార్డు పిన్నుకే పెట్టారా, పైనున్న మదర్‌బోర్డు పిన్నుకి పెట్టారా అన్నది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో (కంప్యూటర్ సామాన్ల బజారు) సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొని ఇంటికి తెచ్చి బిగించేటప్పుడు చాలామంది ఇక్కడే తడబడతారు. లోగో వచ్చి, ఆ తర్వాత నల్లబడితేనే డ్రైవర్‌ని అనుమానించాలి.

లోపలికి వెళ్లే దారి గ్రబ్ మెనూ, మిషన్ లేచేటప్పుడు ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకోనిచ్చే జాబితా అది. పాత బయోస్ మిషన్లలో ఆన్ చేసేటప్పుడు షిఫ్ట్ పట్టుకోవాలి, యూఈఎఫ్ఐ (బయోస్‌కి కొత్త రూపం) ఉన్నవాటిలో లోగో వస్తూనే ఎస్కేప్ ఒక్కసారి నొక్కాలి, అదే పనిగా నొక్కితే మెనూ దాటిపోయి నల్లటి ప్రాంప్ట్‌లో పడతారు, అప్పుడు రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించడమే. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోకి వెళ్తే పాత కెర్నల్స్ కనబడతాయి, పైనుంచి రెండో నంబరు ఎంచుకోండి (రికవరీ అని రాసి ఉన్నది కాదు). దానితో మామూలుగా లేచిందంటే సగం రోగం దొరికినట్టే: హార్డ్‌వేర్ బాగానే ఉంది, కొత్త కెర్నల్‌కి డ్రైవర్ తయారవలేదు. బాబాయి షాపులో నేను ముందు చేసింది ఇదే, పాత కెర్నల్‌తో లేపి, ప్రింటర్ సరిచేసి, నిలబడ్డ పిల్లలందరికీ రెజ్యూమేలు ఇచ్చి పంపించి, మిగతా పని మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు చూసుకున్నాను.

పాత కెర్నల్‌తోనూ లేవకపోతే గ్రబ్ మెనూలో మొదటి వరస మీద ఉండి కీబోర్డు మీద ఇంగ్లీషు 'ఈ' (e) అక్షరం నొక్కండి. కొన్ని లైన్లు వస్తాయి. లినక్స్ అనే పదంతో మొదలయ్యే లైన్ చివరికి వెళ్లి, ఒక ఖాళీ వదిలి, నోమోడ్‌సెట్ (ఎన్ ఓ, ఎమ్ ఓ డీ ఈ, ఎస్ ఈ టీ) అని ఒకే పదంగా రాసి ఎఫ్10 నొక్కండి. అప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి పోకుండా మిషన్ సాదా డిస్‌ప్లేతో లేస్తుంది. అక్షరాలు లావుగా ఉంటాయి, వీడియో ఆగి ఆగి ఆడుతుంది, కంగారు పడకండి, అది అలాగే ఉంటుంది. ఇలా రాసింది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. దీన్ని శాశ్వతంగా సెట్టింగుల్లో పెట్టేసి సమస్య తీరిపోయిందనుకునేవాళ్లు ఉన్నారు, దయచేసి అలా వదిలేయకండి, కార్డు ఉండి కూడా పని అంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

లోపలికి వచ్చాక టెర్మినల్ తెరిచి "ఎల్‌ఎస్‌పీసీఐ హైఫన్ కే" కొట్టండి. చాలా లైన్లు వస్తాయి, వాటిలో వీజీఏ లేదా త్రీడీ కంట్రోలర్ అన్న లైన్ వెతకండి, దాని కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఉంటుంది. అక్కడ ఐ915 ఉంటే ఇంటెల్, ఏఎండీజీపీయూ ఉంటే ఏఎండీ, నూవో (ఎన్ ఓ యూ వీ ఈ ఏ యూ) ఉంటే ఎన్విడియా కార్డుకి ఓపెన్ సోర్స్ డ్రైవర్, ఎన్విడియా అని ఉంటే కంపెనీ సొంత డ్రైవర్. ఆ లైనే లేకపోతే కార్డు కనబడుతోంది కానీ డ్రైవర్ తగులుకోలేదని అర్థం. ఈ ఒక్క లైను చూడకుండా ముందుకి వెళ్లకండి. నోమోడ్‌సెట్‌తో లేచినప్పుడు కూడా డ్రైవర్ తగులుకోదు కాబట్టి, వీలైతే అది లేకుండా లేచిన మిషన్‌లోనే చూడండి.

ఇంటెల్, ఏఎండీ వాళ్లకి ఒకటే మాట: ఏ వెబ్‌సైట్ నుంచీ డ్రైవర్ దించకండి. ఆ రెండిటి డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి, పైన మీసా అనే లైబ్రరీ ఉంటుంది, మామూలు అప్‌డేట్లతో పాటు అవీ వస్తాయి. విండోస్ అలవాటు కొద్దీ డ్రైవర్ కోసం వెతికి ఉన్నదాన్ని పాడుచేసుకుంటారు. మిషన్ మరీ కొత్తదైతే కెర్నల్ పాతదై ఉండొచ్చు, ఉబుంటు ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి అప్‌డేట్లు వచ్చే వెర్షన్) వాడేవాళ్లు హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే) కెర్నల్ వేసుకుంటే చాలాసార్లు సరిపోతుంది. డెబియన్‌లో అయితే ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే ప్రోగ్రామ్) చూడాలి, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు, అంతకుముందు విడిగా వేసుకోవాల్సి వచ్చేది, అది లేకపోతే ఏఎండీ కార్డులు నల్ల స్క్రీన్ చూపిస్తాయి.

ఎన్విడియా దగ్గరే ఎక్కువ సేపు ఆగాలి. మొదటిది, మీ కార్డు వయసు. కంపెనీ పాత కార్డులకి కొత్త డ్రైవర్లు ఇవ్వదు, ఒక్కో తరానికి ఒక్కో నంబరు దగ్గర ఆపేస్తుంది. కెప్లర్ తరం కార్డులకి 470 సిరీసే చివరిది, అంతకుముందు ఫెర్మీకి 390. జీటీ 710 లాంటి కార్డుకి సరికొత్త డ్రైవర్ వేస్తే ఇన్‌స్టాల్ అయిపోయినట్టే కనబడుతుంది కానీ కార్డుని గుర్తించదు. ఈ లెక్కలు మనం గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఉబుంటు, మింట్‌లో "ఉబుంటు హైఫన్ డ్రైవర్స్ డివైసెస్" కొడితే మీ కార్డుకి ఏవి సరిపోతాయో చూపించి ఒకదాని పక్కన రికమెండెడ్ అని రాస్తుంది. "సుడో ఉబుంటు హైఫన్ డ్రైవర్స్ ఇన్‌స్టాల్" కొడితే దాన్నే వేస్తుంది. మౌస్‌తో చేయాలంటే అడిషనల్ డ్రైవర్స్ అనే విండో ఉంది, అదీ ఇదే పని చేస్తుంది.

కార్డు మరీ పాతదై, కొత్త కెర్నల్‌తో దాని డ్రైవర్ కుదరకపోతే నూవో మీదే ఉండిపోండి. గేములు, వీడియో ఎడిటింగ్ లేని చోట, అంటే ప్రింటవుట్లు, బ్రౌజర్, టైపింగ్ వరకు అది చక్కగా సరిపోతుంది. చనిపోయిన డ్రైవర్‌ని బతికించడానికి శని ఆదివారాలు పోగొట్టుకోవడం కంటే ఇది మేలని నా గట్టి అభిప్రాయం.

రెండోది, వెబ్‌సైట్ నుంచి దించిన డాట్ రన్ ఫైలు. బాబాయి మిషన్‌లో ఎవరో తెలిసిన కుర్రాడు ఎప్పుడో అలాగే వేసి వెళ్లాడు. అది ప్యాకేజీ మేనేజర్‌కి (ప్రోగ్రాములు వేసి, తీసి, లెక్క ఉంచే ఏపీటీకి) తెలియకుండా కూర్చుంటుంది, ఆ రోజున్న కెర్నల్‌కి మాత్రమే డ్రైవర్ తయారుచేసి, నూవోని కూడా ఆపేస్తుంది. కెర్నల్ మారిన రోజు అదీ ఉండదు, ఇదీ ఉండదు, స్క్రీన్ అక్షరాలు లావైపోతాయి. దాన్ని తీయాలంటే అదే ఫైలుని సుడోతో నడిపి చివర రెండు హైఫన్లు పెట్టి అన్ఇన్‌స్టాల్ అనాలి. ఫైలు దొరక్కపోతే "సుడో ఎన్విడియా హైఫన్ అన్ఇన్‌స్టాల్" అన్నా సరిపోతుంది. ఆ తర్వాత రీస్టార్ట్ చేసి, పైన చెప్పినట్టు ఉబుంటు ఇచ్చే డ్రైవర్ వేయండి.

మూడోది డీకేఎంఎస్. కెర్నల్ మారిన ప్రతిసారీ డ్రైవర్‌ని మళ్లీ తయారుచేసేది ఇదే. "డీకేఎంఎస్ స్టేటస్" కొడితే ఏ కెర్నల్ నంబరుకి తయారైందో చూపిస్తుంది, "యూనేమ్ హైఫన్ ఆర్" కొడితే ఇప్పుడు నడుస్తున్న నంబరు వస్తుంది. రెండూ కలవకపోతే ఎక్కువ సందర్భాల్లో కారణం కెర్నల్ హెడర్స్ (డ్రైవర్ తయారీకి కావాల్సిన కెర్నల్ ఫైళ్లు) లేకపోవడం. ఉబుంటు, మింట్‌లో లినక్స్ హైఫన్ హెడర్స్ హైఫన్ జెనరిక్ ప్యాకేజీ వేస్తే ఇకముందు వచ్చే కెర్నల్స్‌తో పాటు హెడర్స్ కూడా వస్తాయి. పనిలో పని "డీఎఫ్ హైఫన్ హెచ్" కొట్టి బూట్ పార్టిషన్ నిండిపోయిందేమో చూడండి, నిండితే కొత్త కెర్నల్ సగం సగం ఇన్‌స్టాల్ అవుతుంది, "సుడో ఏపీటీ ఆటోరిమూవ్" పాత కెర్నల్స్‌ని తీసేసి చోటు ఇస్తుంది.

నాలుగోది సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లని లోడ్ కానివ్వని రక్షణ), ల్యాప్‌టాప్ వాళ్లు తప్పకుండా చదవాలి. డ్రైవర్ వేసేటప్పుడు మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ చేశాక నీలం రంగు స్క్రీన్ ఒకటి వచ్చి ఏదైనా కీ నొక్కమని పది సెకన్లు ఆగుతుంది. మొదటిసారి నేనూ అది చూసి భయపడి వదిలేశాను, డ్రైవర్ ఇన్‌స్టాల్ అయింది కానీ లోడ్ అవలేదు, ఎందుకో తెలియక ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. అక్కడ కీ నొక్కి, ఎన్‌రోల్ మాక్ (ఎమ్ ఓ కే), కంటిన్యూ, యెస్, ఆ తర్వాత మీరు పెట్టిన పాస్‌వర్డ్, అంతే. తప్పిపోతే టెర్మినల్‌లో "సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా" కొట్టి చూడండి, కీ రిజెక్టెడ్ అని వస్తే కారణం ఇదే. అప్పుడు మాక్‌యుటిల్ ఇంపోర్ట్ చేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే ఆ నీలం స్క్రీన్ మరోసారి వస్తుంది. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేసినా పని జరుగుతుంది, కానీ విండోస్ కూడా పక్కనే ఉంటే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ అడగొచ్చు, అది చేతిలో లేకుండా ఆ పని చేయకండి.

అంతా అయ్యాక "ఎన్విడియా హైఫన్ ఎస్ఎంఐ" కొడితే కార్డు పేరుతో ఒక పట్టిక రావాలి. ఏ కార్డుకైనా పనికొచ్చే పరీక్ష ఇంకొకటి, మీసా హైఫన్ యుటిల్స్ వేసుకుని "జీఎల్ఎక్స్ఇన్ఫో" కొట్టి రెండరర్ అన్న లైన్ చూడటం. అక్కడ ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే కార్డు పనిచేయడం లేదు, బొమ్మలన్నీ ప్రాసెసర్ గీస్తోంది.

పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తోందా? కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి నల్ల స్క్రీన్‌లో లాగిన్ అవ్వండి, ముందు డిస్క్ నిండిందేమో చూడండి, చాలాసార్లు అదే. లాగిన్ స్క్రీన్ మూలలో ఉండే చక్రం గుర్తు నొక్కి వేలాండ్ బదులు ఎక్స్‌ఆర్గ్ (తెర మీద బొమ్మ చూపించే రెండు పద్ధతులు ఇవి) ఎంచుకునే వీలుంటే అదీ ఒకసారి చూడండి.

ప్రింటర్ సంగతి

ఇక్కడా అదే వరస. ప్రింటర్ ఆన్ చేసి "ఎల్ఎస్‌యూఎస్‌బీ" కొట్టండి. పేరు కనబడకపోయినా నంబరు చూడండి: 03ఎఫ్0 హెచ్‌పీ, 04ఏ9 కెనాన్, 04బీ8 ఎప్సన్, 04ఎఫ్9 బ్రదర్. ఆ లైను లేకపోతే డ్రైవర్ వెతకడం వృథా, కేబుల్ మార్చండి, సీపీయూ ముందువైపు పోర్టు బదులు వెనకవైపు పెట్టండి, మధ్యలో హబ్ ఉంటే తీసేయండి. "సుడో డీమెసేజ్" అని చదివే ఆ కమాండ్‌ని (డీ ఎమ్ ఈ ఎస్ జీ అనే అయిదు అక్షరాలు) హైఫన్ డబ్ల్యూ తో నడిపి, కేబుల్ పీకి పెట్టండి, లైన్లు కదలాలి. కదలకపోతే కేబులో, పోర్టో, ప్రింటరో పోయింది.

కనబడితే తర్వాత కప్స్ (సీ యూ పీ ఎస్). లినక్స్‌లో ప్రింటింగ్ అంతా నడిపించే సర్వీసు ఇది, 1999లో మొదట విడుదలైంది, మాక్‌లో నడిచేదీ ఇదే. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని రాసి, కోలన్ పెట్టి, 631 కొడితే దాని పేజీ తెరుచుకుంటుంది. ప్రింటర్స్‌లో మీ ప్రింటర్ పక్కన పాజ్డ్ అని ఉంటే మెయింటెనెన్స్ మెనూలో రెజ్యూమ్ నొక్కండి, బాబాయి ప్రింటర్‌కి జరిగింది ఇంతే. అయితే రెజ్యూమ్ కంటే ముందు ఇరుక్కున్న జాబులు తీసేయాలి, లేదంటే సగంలో ఆగిన ఫైలే మళ్లీ వెళ్లి మళ్లీ ఆగుతుంది, లేదా పేజీల నిండా అర్థంలేని అక్షరాలు కక్కుతుంది. "క్యాన్సిల్ హైఫన్ ఏ" కొడితే మీ జాబులన్నీ పోతాయి. అయినా కదలకపోతే "సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ కప్స్".

ఇప్పుడు డ్రైవర్లు, మన షాపుల్లో, ఇళ్లలో కనబడే ప్రింటర్ల లెక్కన చెబుతాను. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, ఎం1005 లాంటివాటికి హెచ్‌ప్లిప్ (హెచ్ పీ ఎల్ ఐ పీ) ప్యాకేజీ ఒక్కటే చాలదు, "హెచ్‌పీ హైఫన్ ప్లగిన్" కూడా నడపాలి. 1020 తన ఫర్మ్‌వేర్‌ని లోపల దాచుకోదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి, ఆ పని చేసేది ఈ ప్లగిన్. హెచ్‌ప్లిప్ వెర్షన్, ప్లగిన్ వెర్షన్ ఒకటే అయి ఉండాలి, అందుకే ఉబుంటు పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత నిన్నటిదాకా పనిచేసిన ప్రింటర్ ఆగిపోతే ముందు ఈ కమాండ్ మళ్లీ కొట్టండి. ఇవే ప్రింటర్లకి ఫూ2జెడ్‌జేఎస్ అనే ఇంకో డ్రైవర్ ఉంది, రెండూ కలిపి వేయకండి, ఒకదాన్ని ఇంకొకటి అడ్డుకుంటుంది. ఎప్సన్ ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో చాలావాటికి ప్రింటర్ హైఫన్ డ్రైవర్ హైఫన్ ఈఎస్‌సీపీఆర్, బ్రదర్ లేజర్లలో చాలావాటికి బీఆర్‌లేజర్, రెండూ ఏపీటీతోనే వస్తాయి. కెనాన్ ఎల్‌బీపీ 2900 మాత్రం ఓపిక పడుతుంది. అది క్యాప్ట్ అనే పద్ధతిలో పనిచేస్తుంది, కెనాన్ డ్రైవర్ వేసుకున్నాక కప్స్‌తో పాటు సీసీపీడీ అనే సర్వీసు కూడా నడుస్తూ ఉండాలి. క్యూలో ప్రాసెసింగ్ అని ఉండి కాగితం కదలకపోతే ముందు ఆ సర్వీసు చూడండి.

కొత్త ప్రింటర్లకి చాలావరకు డ్రైవరే అక్కర్లేదు. ఎయిర్‌ప్రింట్ (విడిగా డ్రైవర్ లేకుండా ప్రింట్ ఇచ్చే పద్ధతి) అని డబ్బా మీద రాసి ఉన్నవాటిలో చాలావాటిని ఐపీపీ హైఫన్ యూఎస్‌బీ అనే సర్వీసు దానంతట అదే పట్టుకుంటుంది. చిక్కు ఎక్కడంటే అది పట్టుకున్నాక పాత పద్ధతి డ్రైవర్‌కి ప్రింటర్ దొరకదు. ఒకే ప్రింటర్ రెండు పేర్లతో కనబడి, ఒకటి పనిచేసి ఇంకొకటి చేయకపోతే కారణం ఇది కావచ్చు. పనిచేసే దాన్ని డిఫాల్ట్‌గా పెట్టి రెండోది డిలీట్ చేయండి. డ్రైవర్‌తోనే నడవాల్సిన ప్రింటర్‌ని అది పట్టుకుందనిపిస్తే "సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ ఐపీపీ హైఫన్ యూఎస్‌బీ" కొట్టి, కేబుల్ పీకి పెట్టి చూడండి. కొత్తది కొనేవాళ్లు ధర ఒక వంద అటూ ఇటూ అయినా ఎయిర్‌ప్రింట్ ఉన్నదే తీసుకోండి, వైఫై వాడకపోయినా సరే.

ఏమీ అర్థం కాకపోతే "కప్స్‌సీటీఎల్" కి రెండు హైఫన్లు పెట్టి డీబగ్ హైఫన్ లాగింగ్ అనండి, ఒక పేజీ ప్రింట్ ఇచ్చి, వార్ ఫోల్డర్‌లో లాగ్, అందులో కప్స్, అందులో ఎర్రర్ లాగ్ ఫైలు తెరిచి చివరి లైన్లు చదవండి. ఫిల్టర్ ఫెయిల్డ్ అని ఉంటే దాదాపు ఎప్పుడూ డ్రైవర్‌దో ప్లగిన్‌దో తప్పు.

ప్రింటు వస్తోంది కానీ కింద లైన్లు తెగిపోతున్నాయి, లేదా ప్రింటర్ కాగితం మార్చమని లైటు వెలిగిస్తోంది అంటే సైజు లెటర్ అని ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అమెరికా ఇంగ్లీషు ఎంచుకుంటే అలా అవుతుంది. కప్స్ పేజీలో సెట్ డిఫాల్ట్ ఆప్షన్స్‌లో ఏ4 పెట్టండి, లిబ్రేఆఫీస్ డాక్యుమెంట్ పేజీ సైజు కూడా చూడండి, రెండూ కలవాలి. తెలుగు అక్షరాల బదులు డబ్బాలు వస్తే ప్రింటర్‌ది తప్పు కాదు, మిషన్‌లో తెలుగు ఫాంటు లేదు, ఫాంట్స్ హైఫన్ టీ ఈ ఎల్ యూ ప్యాకేజీ వేయండి. పిల్లలు వాట్సాప్‌లో పంపే వర్డ్ ఫైళ్లని నేరుగా ప్రింట్ ఇవ్వకుండా ముందు పీడీఎఫ్ చేసి తెరిచి చూసుకుంటే కాగితం వృథా కాదు.

బాబాయి షాపులో ఆ తర్వాత రెండు మార్పులు చేశాం. సీపీయూ, మానిటర్ యూపీఎస్ మీదకి మార్చాం, లేజర్ ప్రింటర్‌ని మాత్రం గోడ ప్లగ్గుకే ఉంచాం, కాగితం వేడెక్కించేటప్పుడు అది లాగే కరెంటుని చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. ఇంకొకటి, ఆదివారం రాత్రి షట్టర్ దించే ముందు అప్‌డేట్లు వేసి, మిషన్ రీస్టార్ట్ చేసి, ఒక పేజీ ప్రింట్ తీసి చూడమన్నాను. ఏదైనా చెడితే ఆ రాత్రే ఫోన్ చేస్తాడు, సోమవారం పొద్దున పిల్లలు వచ్చేసరికి సరిచేయడానికి టైం ఉంటుంది.